బ్లీచింగ్ చల్లారు సరే, క్రిములు చచ్చాయా?

గోదావరి వరద తీసిన ప్రతిసారీ మా లంక ఊళ్లలో జరిగేది ఒకటే. ఇళ్లల్లో బురద ఎత్తిపోస్తుంటారు, వీధిలో పంచాయతీ పనివాళ్లు బేసిన్లు పట్టుకుని బ్లీచింగ్ చల్లుకుంటూ పోతుంటారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి, పాతిక లక్షల క్యూసెక్కుల పైన నీళ్లు కిందికి వదిలినప్పుడు పి.గన్నవరం, అయినవిల్లి, సఖినేటిపల్లి వైపు లంకలు రోజుల తరబడి మునిగి ఉన్నాయి. నీళ్లు తీశాక రోడ్డుకు రెండు పక్కలా తెల్లటి గీతలు పడ్డాయి. ఆ ఘాటు వాసన తగిలితే మనకో ధైర్యం. మందు పడింది, ఇక రోగాలు రావులే అనుకుంటాం.

ఆ తెల్ల గీతలో పడ్డ క్లోరిన్‌లో క్రిమి దాకా చేరేది బహు తక్కువ. పనివాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. మోకాలి లోతు బురదలో, ముక్కుకు కండువా కట్టుకుని వాళ్లు పడే కష్టం చిన్నది కాదు. ఆ కష్టమూ, ఆ సరుకూ అక్కరకొచ్చే చోట పడాలన్నదే నా తపన. వరద తర్వాత మనల్ని పట్టుకునే విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు చాలావరకు రోడ్డు మీంచి రావు. తాగే నీళ్ల నుంచి, తినే చేతి నుంచి వస్తాయి. రోడ్డు మీద బస్తాలకు బస్తాలు పోసి, బావి దగ్గర ఒక చెంచాడు సరిగ్గా కలపకపోతే లాభం లేదు.

ఏ క్రిమినాశిని అయినా పనిచెయ్యాలంటే అది క్రిమిని తాకాలి. తగినంత గాఢంగా తాకాలి. తగినంత సేపు తడి ఆరకుండా తాకుతూ ఉండాలి. పొడి నేల మీద పడ్డ బ్లీచింగ్‌లోని క్లోరిన్ ఎండకీ, గాలిలోని తేమకీ, కార్బన్ డయాక్సైడ్‌కీ ఎగిరిపోతుంది. తడి బురద మీద పడ్డదేమో పై పొరలోని మట్టితో, కుళ్లిన ఆకుతో, పేడతో తగువు పెట్టుకుని అక్కడికక్కడే ఖర్చైపోతుంది. అంగుళం కింద ఉన్న క్రిమికి మందు పడ్డ సంగతే తెలియదు.

బ్లీచింగ్ పౌడర్ అంటే కాల్షియం హైపోక్లోరైట్, సున్నం కలగలిసిన పొడి. నీళ్లలో కలిస్తే అందులోంచి హైపోక్లోరస్ ఆమ్లం పుడుతుంది. చంపేది ప్రధానంగా ఇదే. దీని అణువు చాలా చిన్నది, పైగా దానికి విద్యుదావేశం ఉండదు. బాక్టీరియా ఒంటి మీద ఋణావేశం ఉంటుంది కాబట్టి ఋణావేశం ఉన్నదాన్ని దగ్గరికి రానివ్వదు. ఆవేశం లేని ఈ అణువు మాత్రం అడ్డూ ఆపూ లేకుండా లోపలికి దూరిపోతుంది. వెళ్లాక ఎంజైములను, పొరలోని ప్రొటీన్లను, చివరికి డీఎన్ఏను కూడా ఆక్సీకరించి పాడుచేస్తుంది. యాంటీబయాటిక్ ఏదో ఒక తాళాన్ని చూసుకుని కొడుతుంది కాబట్టి బాక్టీరియా ఆ తాళం మార్చి తప్పించుకోగలదు. క్లోరిన్ దొరికిన ప్రతిచోటా కొడుతుంది. అందుకే వందేళ్లు దాటినా నీళ్ల శుద్ధిలో దాని పని దానిదే. మన రక్తంలోని న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు కూడా మింగిన క్రిమిని చంపడానికి ఇదే హైపోక్లోరస్ ఆమ్లాన్ని సొంతంగా తయారు చేసుకుంటాయి.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని మొదలైన 1847లోనే, వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు కాన్పుల వార్డులో అడుగుపెట్టే వైద్యులందరి చేత క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడిగించాడు. బాలింత జ్వరంతో పోయే తల్లుల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. రోగానికి క్రిమి కారణమని అప్పటికి ఇంకా రుజువు కాలేదు. ఊరి మంచినీళ్లకు రోజూ క్లోరిన్ కలపడం అమెరికా వరకు చూస్తే జెర్సీ సిటీలో 1908లో మొదలైంది.

ఇక మన నీళ్ల సంగతికొద్దాం. జూలై వచ్చేసరికి కాలువల్లో ఎర్రనీరు దిగుతుంది. ఆ ఎరుపు పైనుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు. ఒండ్రుతో పాటు ఆకూ అలమూ, పేడ, డ్రెయిన్ల మురుగు, చేలల్లోంచి జారిన యూరియా అన్నీ ఉంటాయి. ఇలాంటి నీళ్లలో క్లోరిన్ వేస్తే అది క్రిములను వెతుక్కుంటూ పోదు. ఎదురొచ్చిన ప్రతి సేంద్రియ పదార్థంతోనూ కలుస్తుంది. పెళ్లి భోజనాల్లో మొదటి బంతికి బురద కూర్చుంది, రెండో బంతికి అమ్మోనియా కూర్చుంది అనుకోండి, మూడో బంతిలో ఉన్న క్రిమి దాకా వడ్డన రావాలంటే వంట ఎంత చెయ్యాలి? నీళ్లు తినేసే ఈ మొదటి వాటానే క్లోరిన్ డిమాండ్ అంటారు. అది తీరాక మిగిలినదే మనకు పనికొచ్చేది, దాన్నే రెసిడ్యువల్ క్లోరిన్ అంటారు. భారతీయ ప్రమాణాల ప్రకారం కుళాయి దగ్గర లీటరు నీటికి కనీసం 0.2 మిల్లీగ్రాములైనా అది మిగలాలి. ఎంత వేశామన్నది లెక్క కాదు, ఎంత మిగిలిందన్నదే లెక్క.

మన పెద్దవాళ్లు ఎర్రనీళ్ల బిందెలో పటిక ముక్క తిప్పడం, చిల్లగింజ అరగదీసి కలపడం ఈ లెక్కలో చాలా తెలివైన పని. నీళ్లలో తేలే మట్టి రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అడుక్కి దిగవు. పటిక పడగానే అవి ఒకదానికొకటి అతుక్కుని ముద్దలై దిగిపోతాయి, దిగుతూ తమతో పాటు కొన్ని క్రిములను కూడా లాక్కుపోతాయి. అయితే పటికతో నీళ్లు తేరతాయే గానీ శుభ్రం కావు. అద్దంలా మెరుస్తున్న నీళ్లలో లక్షల బాక్టీరియా ఉండొచ్చు. తేరిన పై నీళ్లను గుడ్డలో వడకట్టి, వేరే పాత్రలోకి వంచుకుని, అప్పుడు క్లోరిన్ వెయ్యాలి. బురద నీళ్లలో క్లోరిన్ మాత్ర వేసేసి అడుగున మట్టి పేరుకున్నాక తాగడం వరద రోజుల్లో చాలామంది చేసే పని. ఆ మాత్ర బలమంతా మట్టిపాలే.

మిగిలిందో లేదో చూడటానికి మన ఊళ్లలో వాడే పరీక్ష తేలికైనది. కుళాయిని కాసేపు వదిలేసి, చిన్న గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, ఆర్థోటోలిడిన్ చుక్కలు కొన్ని వేసి ఊపుతారు. క్లోరిన్ ఉంటే నీళ్లు నిమ్మపండు పసుపులోకి తిరుగుతాయి. పక్కనున్న రంగుల అట్టతో పోల్చి ఎంతుందో చెబుతారు. ఇక్కడ ఒక చిన్న సంగతి మనవాళ్లు పట్టించుకోరు. రంగును పది సెకన్లలోపే చూడాలి. వెంటనే వచ్చిన పసుపు స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్‌ది. గొట్టం పక్కన పెట్టి, రిజిస్టరు రాసి, మాట్లాడుకుని పావుగంటకి చూస్తే అమ్మోనియాతో కలిసిపోయిన క్లోరిన్ కూడా మెల్లగా రంగిచ్చేస్తుంది. ఆ క్లోరమైన్లు చంపుతాయి గానీ చాలా నెమ్మది. కాగితం మీద బాగానే ఉన్న ఊళ్లో విరేచనాలు మొదలయ్యాయంటే ఇలాంటి చోట కూడా ఓసారి చూడాలి. ఈ మధ్య గులాబీ రంగొచ్చే డీపీడీ మాత్రలు వస్తున్నాయి, అవి మేలు. రెండిట్లో దేనితో పరీక్షించినా ఆ గొట్టంలో నీళ్లు తాగకూడదు, పారబోయాలి.

క్లోరిన్ ఎంతుందో చూసుకోవడానికి వాసన కూడా పనికిరాదు. ఘాటుగా కొడుతోంది కాబట్టి క్లోరిన్ పుష్కలంగా ఉందనుకుంటాం. ఈత కొలనుల దగ్గర ముక్కు మండించే ఆ వాసన ఎక్కువగా క్లోరమైన్లది. అంటే క్లోరిన్ అప్పటికే చెమటతో, మూత్రంతో కలిసి ఖర్చైపోయిందని అర్థం.

నీటి స్వభావంలో బురద తర్వాత చూడాల్సింది పీహెచ్, అంటే నీళ్లకు పుల్లదనం ఎంతో, క్షారగుణం ఎంతో చెప్పే అంకె. ఇందాక చెప్పిన హైపోక్లోరస్ ఆమ్లం క్షారగుణం పెరిగేకొద్దీ విడిపోయి హైపోక్లోరైట్ అయాన్‌గా మారుతుంది. దీనికి ఋణావేశం ఉంటుంది, కాబట్టి బాక్టీరియా గోడ దగ్గరే ఆగిపోతుంది. చంపే శక్తిలో రెండింటికీ మధ్య ఎనభై రెట్లకు పైగా తేడా చెబుతారు. పీహెచ్ 6.5 దగ్గర క్లోరిన్‌లో నూటికి తొంభై పాళ్లు బలమైన రూపంలో ఉంటే, 7.5 దగ్గర సగానికి పడిపోతుంది, 8.5 దగ్గర పదో వంతే మిగులుతుంది. వేసిన బ్లీచింగ్ అదే, పరీక్షలో కనిపించే అంకె కూడా అదే, చంపడం మాత్రం తగ్గిపోయింది.

ఇది రొయ్యల చెరువు ఉన్న ప్రతి రైతుకూ డబ్బుతో ముడిపడిన విషయం. భీమవరం, కాళ్ల, ఉండి, అమలాపురం చుట్టుపక్కల చెరువు కట్టే ముందు నీళ్లకు బ్లీచింగ్ కొట్టడం మామూలే. తెల్లమచ్చ వైరస్‌నూ, దాన్ని మోసుకొచ్చే పీతలూ చిన్న రొయ్యలూ లాంటి వాటినీ పిల్ల వెయ్యక ముందే తుడిచిపెట్టాలని. చాలామంది అడిగే మాట: "సున్నం, బ్లీచింగ్ ఒకే రోజు కొట్టేస్తే పని అయిపోద్ది కదండీ?" అవదు. సున్నం నీటి పీహెచ్‌ను ఎక్కించేస్తుంది. ఆ నీళ్లలో బ్లీచింగ్ పోస్తే బస్తాలో పెద్ద వాటా వృథా. ముందు బ్లీచింగ్ కొట్టి, అది తన పని చేసి దిగిపోయాక, అవసరమైతే సున్నం సంగతి చూసుకోవాలి. వేళ కూడా ముఖ్యమే. నీళ్లు పచ్చగా తిరిగిన చెరువులో పగలంతా నాచు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసుకుంటుంది కాబట్టి మధ్యాహ్నం మూడు నాలుగింటికి పీహెచ్ ఆకాశంలో ఉంటుంది. తెల్లవారుజాముకు దిగుతుంది. ఎండ కూడా క్లోరిన్‌ను గంటల్లో తినేస్తుంది. ఈ రెండూ చూస్తే పొద్దుగూకాక కొట్టడం నయం, రాత్రంతా దానికి టైమ్ దొరుకుతుంది. బాగా ఉప్పుగా ఉండే నీళ్ల లెక్క కొంచెం వేరు. సముద్రపు నీళ్లలోని బ్రోమైడ్‌తో క్లోరిన్ కలిసి హైపోబ్రోమస్ ఆమ్లం అవుతుంది, అది పీహెచ్ పెరిగినా క్లోరిన్ కన్నా మెరుగ్గా తట్టుకుంటుంది. ఉప్పు తక్కువ ఉన్న చెరువులకు ఆ వెసులుబాటు లేదు.

ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక ఊరి మంచినీటి చెరువులది కూడా ఇదే కథ. మేలో నీళ్లు తగ్గి, నాచు పట్టి, పచ్చగా అయ్యాక చలికాలంలో సరిపోయిన మోతాదు సరిపోదు. నాచు ఒకవైపు క్లోరిన్‌ను తింటుంది, మరోవైపు పీహెచ్‌ను పెంచుతుంది. వేడి ఎక్కువైతే మందు చురుగ్గానే పనిచేస్తుంది, నిజమే, కానీ అంతే చురుగ్గా ఎగిరిపోతుంది కూడా.

రొయ్యల రైతులు వాడే మరో మందు బీకేసీ, అంటే బెంజాల్కోనియం క్లోరైడ్. దీని పద్ధతి పూర్తిగా వేరు. దీనికి ధనావేశం, క్రిమి ఒంటికి ఋణావేశం, కాబట్టి వెళ్లి అతుక్కుని పొరను చీలుస్తుంది. మట్టి రేణువుకీ ఋణావేశమే ఉంటుందన్నది చిక్కు. బురద నీళ్లలో బీకేసీ మట్టికే అంటుకుపోతుంది. సబ్బుకీ దీనికీ అసలు పడదు, ఎదురు ఆవేశాలు కలిసి రెండూ పనికిరాకుండా పోతాయి. ఆస్పత్రుల్లో, ఇళ్లల్లో వాడే సెట్రిమైడ్, క్లోర్‌హెక్సిడిన్ మందులదీ ఇదే గుణం. సబ్బు నురగ పూర్తిగా కడగకుండా వాటిని పూస్తే రెండు మందులు పడ్డాయనుకుంటాం, నిజానికి ఒక్కటీ పడనట్టే. కోనసీమ తీరంలో బోరు నీళ్లు ఉప్పుగా, కఠినంగా ఉండే చోట వీటి బలం ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు టైమ్ సంగతి. మందు పడగానే క్రిములన్నీ ఒక్కసారి టపటపా రాలిపోతాయని మన మనసులో ఒక బొమ్మ ఉంటుంది. అలా జరగదు. హ్యారియెట్ చిక్ అనే శాస్త్రవేత్త 1908లోనే ఈ లెక్క తేల్చింది. నిర్ణీత సమయంలో మిగిలున్న వాటిలో ఒక వంతు చస్తాయి, మళ్లీ అంత సమయంలో మిగిలిన వాటిలో మళ్లీ అదే వంతు చస్తాయి. మొదటి నిమిషంలో పది లక్షల్లో తొమ్మిది లక్షలు పోయాయనుకుంటే, రెండో నిమిషానికి మిగిలిన లక్షలో తొంభై వేలు పోతాయి, మూడో నిమిషానికి మిగిలిన పది వేలల్లో తొమ్మిది వేలు. మూడు నిమిషాలకూ వెయ్యి బతికే ఉన్నాయి. సీసాల మీద రాసే 99.9 శాతం అంటే ఇదే. ఆ వెయ్యి ఇరవై నిమిషాలకోసారి రెట్టింపైతే మూడు గంటల ఇరవై నిమిషాల్లో మళ్లీ పది లక్షలు. అంత జోరుగా పెరగాలంటే తడి, తిండి, వెచ్చదనం మూడూ కుదరాలి. మన వంటింటి సింక్ పక్కన ముద్దగా పడేసిన తుడుపు గుడ్డలో అవి మూడూ కుదురుతాయి. గుడ్డను మందులో ముంచడం ఎంత ముఖ్యమో, పిండి ఎండలో ఆరెయ్యడం అంతే ముఖ్యం.

ఫినాయిల్ వేసి ఇల్లు తుడిచేటప్పుడు మనం చేసేదేమిటో చూడండి. బకెట్ నీళ్లలో ఒక మూత పోస్తాం, నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఊడవని గది మొదలుకొని తుడుస్తాం. నాలుగో గదికొచ్చేసరికి నీళ్లు మట్టిరంగు. నేల ఫ్యాన్ గాలికి అర నిమిషంలో ఆరిపోతుంది. మందు పలచన, మురికి నిండా, టైమ్ లేదు. ఇల్లంతా వాసన మాత్రం ఘుమఘుమలాడుతుంది. రోజువారీ ఇంటికి ఇంతకు మించి అక్కర్లేదు కూడా, మామూలు సబ్బు నీళ్లతో తుడిచినా చాలు. ఇంట్లో ఎవరికైనా వాంతులో విరేచనాలో అయినప్పుడు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ముందు ఆ మురికిని కాగితంతోనో పాత గుడ్డతోనో పూర్తిగా ఎత్తేసి, సబ్బు నీళ్లతో కడిగి, అప్పుడు లీటరు నీళ్లకు ముప్పై గ్రాముల మంచి బ్లీచింగ్ కలిపిన నీళ్లు పోసి, కనీసం పది నిమిషాలు తడి ఆరకుండా వదిలెయ్యాలి. ముప్పై గ్రాములకి దాదాపు ఒక శాతం క్లోరిన్ ద్రావణం అవుతుంది.

శానిటైజర్‌కీ ఇదే న్యాయం. కరోనా రోజుల్లో అలవాటైన ఆ సీసాలో 70 శాతం దరిదాపు ఆల్కహాల్ ఉంటుంది. నూటికి నూరు శాతం ఉంటే ఇంకా గట్టిగా చంపాలి కదా అనిపిస్తుంది. ఆల్కహాల్ క్రిమి ప్రొటీన్లను గడ్డకట్టించాలంటే పక్కన నీళ్లుండాలి. స్వచ్ఛమైన స్పిరిట్ నీళ్లు లేక సరిగ్గా పనిచెయ్యదు, పైగా క్షణంలో ఆరిపోతుంది. చేతికి మట్టో, చేపల జిగురో, నూనో ఉంటే శానిటైజర్ దాన్ని దాటి వెళ్లలేదు. అప్పుడు సబ్బూ నీళ్లే దిక్కు.

ఇంతవరకు క్రిములన్నీ ఒకటే అన్నట్టు మాట్లాడుకున్నాం. వాటిలో మెతకవీ ఉన్నాయి, మొండివీ ఉన్నాయి. పైన కొవ్వు పొర కప్పుకున్న వైరస్‌లు చూడ్డానికి భయంకరమైన రోగాలు తెస్తాయి గానీ మందుకు తేలిగ్గా లొంగుతాయి. కరోనా, తెల్లమచ్చ, బర్డ్ ఫ్లూ ఇవన్నీ ఆ కోవే. సబ్బే ఆ కొవ్వును కరిగించేస్తుంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ల ఫారాలు అల్లాడిపోయినప్పుడు కొందరికి వచ్చిన అనుమానం, ఇంత మెతక వైరస్ అయితే ఇంత మందు కొట్టినా ఎలా పాకిందని. వైరస్ ఒంటరిగా ఉంటే మెతకదే. రెట్టలో, ఊకలో ఇరుక్కుని ఉంటే దానికి కోటగోడలున్నట్టే. షెడ్డులో లిట్టర్ అంతా ఎత్తకుండా, డిటర్జెంట్‌తో రుద్ది కడగకుండా మందు పిచికారీ చేస్తే పైపైన తడుస్తుందంతే. ఫారం గుమ్మంలో కాళ్లు ముంచే తొట్టి చూడండి, రెట్ట కలిసి గోధుమరంగు తిరిగిన నీళ్లలో చెప్పులు ముంచి లోపలికి పోవడం వల్ల ఒరిగేది లేదు. ముందు బ్రష్‌తో చెప్పు అడుగు రుద్దాలి, తర్వాత ముంచాలి, నీళ్లు రంగు మారితే మార్చాలి.

కొవ్వు పొర లేని వైరస్‌లు గట్టివి. పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏ, పిల్లల విరేచనాల రోటావైరస్, పశువుల గాలికుంటు వైరస్ ఈ జాతివి. గాలికుంటు వచ్చిన పాకలో ఫినాయిల్ పోస్తే పెద్దగా ఫలితం ఉండదు. దానికి పుల్లదనమో క్షారమో పడదు. నూరు లీటర్ల నీళ్లకు నాలుగు కిలోల వాషింగ్ సోడా కలిపి, పేడ ఎత్తి కడిగిన నేల మీద పోస్తే లొంగుతుంది. ఖరీదైన సీసా కన్నా కిరాణా కొట్లో సరుకు నయమయ్యే చోటు ఇది.

బాక్టీరియాల్లో కొన్ని కష్టకాలం వస్తే స్పోర్ అనే గట్టి గింజలా మారిపోతాయి. ఆల్కహాల్, ఫినాయిల్, బీకేసీ ఏవీ వాటిని ఏమీ చెయ్యలేవు. ఆపరేషన్ సామాన్లను మందులో ముంచి ఊరుకోకుండా ఆవిరి ఒత్తిడిలో ఉడికించేది ఇందుకే. తాగే నీళ్లలో ఇలాంటి మొండి ఘటం క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి. దాని పెంకు క్లోరిన్‌కు లొంగదు. శుభ్రమైన నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉంటే మామూలు ఈ.కోలై బాక్టీరియా నిమిషంలోపు, హెపటైటిస్ ఏ పదహారు నిమిషాల దాకా, జియార్డియా అనే మరో పరాన్నజీవి ముప్పావుగంట దాకా తట్టుకుంటాయి. క్రిప్టోస్పోరిడియం మాత్రం పది రోజులు దాటినా బతుకుతుంది. అదే నీళ్లను తెర్లనిచ్చి ఒక నిమిషం ఉంచితే ఈ నాలుగూ పోతాయి. వరద రోజుల్లో చంటిపిల్లలకు, బాలింతలకు, జబ్బుమనుషులకు కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వమని డాక్టర్లు పట్టుబట్టేది ఊరికే కాదు.

డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకు లోపల చెయ్యి పెట్టి గోడ తడిమితే జారుతూ ఒక జిగురు తగులుతుంది. అది బాక్టీరియా తమ చుట్టూ తామే కట్టుకున్న పూత. విడిగా తేలే వాటిని చంపే మోతాదుకు వందల రెట్లు వేసినా ఆ పూత లోపలివి కొన్ని బతికిపోతాయి. ఎన్ని మందులు పోసినా బ్రష్ పెట్టి గీకందే అది వదలదు.

ఇన్ని చెప్పాక బావికి మందు వేసే పద్ధతి చెప్పకపోతే పని సగంలో ఆగినట్టే. రెండు మీటర్ల వెడల్పు బావిలో మూడు మీటర్ల లోతు నీళ్లున్నాయనుకుందాం. వెడల్పును వెడల్పుతో హెచ్చవేసి, లోతుతో హెచ్చవేసి, 3.14తో హెచ్చవేసి, నాలుగుతో భాగిస్తే దాదాపు తొమ్మిదిన్నర ఘనపు మీటర్లు, అంటే తొమ్మిదిన్నర వేల లీటర్లు. తేట నీళ్లకైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ లెక్కన ఇరవై నాలుగు గ్రాములు, రెండు పెద్ద చెంచాలు. దాన్ని నేరుగా బావిలో చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్‌లో వేసి కొద్దిగా నీళ్లతో ఉండలు లేకుండా మెత్తటి ముద్దలా కలపాలి. తర్వాత ముప్పావు బకెట్ దాకా నీళ్లు పోసి తిప్పి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. సున్నం అడుక్కి తెల్లగా దిగి, పైన తేట నీళ్లు నిలుస్తాయి. క్లోరిన్ ఆ తేటలో ఉంటుంది. దాన్ని మాత్రం వేరే బకెట్‌లోకి వంచి, తాడు కట్టి బావిలోకి దించి, పైకీ కిందికీ ఆడిస్తూ నీళ్లన్నిటికీ పట్టించాలి. అడుగున మిగిలిన సున్నం బావిలో పడితే నీళ్లు కఠినమవడం తప్ప ఇంకో ఉపయోగం లేదు. ఒక గంట ఆగి పరీక్ష చేసి చూస్తే లీటరుకు అర మిల్లీగ్రామైనా మిగిలి ఉండాలి. లేకపోతే మోతాదు చాల్లేదని, ఇంకొంచెం కలిపి మళ్లీ చూడాలని.

వరద నీళ్లు దిగిన బావికి ఈ మోతాదు ఏ మూలకీ చాలదు. ముందు నీళ్లన్నీ తోడిపారేసి, అడుగు బురద ఎత్తి, ఒరలు రుద్ది కడిగి, కొత్తగా ఊరిన నీళ్లకు గట్టి మోతాదు వేసి ఒక రాత్రి వదిలెయ్యాలి. మర్నాడు వాసన పోయేదాకా తోడి పారబోసి, మామూలు మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలి. ఊళ్లో నాలుగు మోటార్లు, పదిమంది మనుషులు ఉంటే ఇది రోడ్డు మీద చల్లడం కన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందని నా గట్టి నమ్మకం.

ఈ లెక్కలన్నీ మంచి బ్లీచింగ్‌కి. కొత్త పొడిలో నూటికి ముప్పై మూడు పాళ్ల దాకా పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది. మూతి విప్పిన గోనెసంచి మా డెల్టా ఉక్కలో, గోడౌన్ మూల తేమలో నెలలు పడి ఉంటే అది సగానికీ పావుకీ దిగిపోతుంది. చేత్తో పట్టుకుంటే గడ్డలు కట్టి తడితడిగా ఉండి, ఘాటు తగ్గిందంటే మిగిలింది చాలావరకు సున్నమే. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, చీకటిగా చల్లగా ఉండే చోట, నేలకు ఎత్తుగా పెట్టుకోవాలి. పాతదే గతి అయితే క్లోరిన్ శాతం పరీక్ష చేయించి, ఎంత తగ్గితే అంత ఎక్కువ వెయ్యాలి.

మనుషుల మీద మందు కొట్టడం గురించీ ఒక మాట. 2020లో రోడ్ల మీద ట్యాంకర్లతో హైపోక్లోరైట్ చల్లారు, కొన్నిచోట్ల సొరంగాల్లాంటివి కట్టి మనుషుల్ని నడిపించారు. ఆ ఏప్రిల్‌లోనే కేంద్ర ఆరోగ్య శాఖ మనుషుల మీద పిచికారీ వద్దని చెప్పింది. మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీధుల్లో చల్లడాన్ని కూడా తాము సిఫారసు చెయ్యడం లేదంది, మట్టీ చెత్తా ఆ మందును పనికిరాకుండా చేస్తాయి కాబట్టి. కళ్లకీ, ఊపిరితిత్తులకీ హాని మాత్రం ఖాయం.

మోతాదు తప్పితే పని జరగదు, కలపకూడనివి కలిపితే ప్రాణం మీదికొస్తుంది. బాత్‌రూమ్ బాగా తెల్లబడుతుందని యాసిడ్ పోసిన నేల మీదే బ్లీచింగ్ చల్లే అలవాటు చాలా ఇళ్లల్లో ఉంది. టాయిలెట్ క్లీనర్లలో ఉండేది ఎక్కువగా హైడ్రోక్లోరిక్ యాసిడే. అది బ్లీచింగ్‌ను తాకగానే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కలిస్తే క్లోరమైన్ గ్యాస్. క్లోరిన్ గాలి కన్నా బరువు, నేల దగ్గరే పేరుకుంటుంది, అందుకే కిందికి వంగి గచ్చు రుద్దేవాళ్లకు ముందు తగులుతుంది. కళ్లు మండి దగ్గు తెరలు వస్తే ఉన్నదంతా అలాగే వదిలేసి, తలుపు బార్లా తీసి, గాలి తగిలే చోటుకి వచ్చెయ్యాలి. కడిగేద్దామని మళ్లీ లోపలికి వెళ్లకూడదు. ఆయాసం తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లి, ఏది దేనితో కలిపారో డాక్టరుకు చెప్పాలి.